గృహకృత్యములు: కారు తలుపుపిడి వెనుక గీతలు



ఇత్తడి సామానులు తోముటను గూర్చి మేము వ్రాసినది చదివి యొక సోదరి మమ్ము నిట్లడిగినది: "మా కారు తలుపుపిడి వెనుక నున్న చిన్న గుంటలో సన్నని గీతలు గజిబిజిగా పడియున్నవి. చింతపండును, మెత్తని బూడిదయు వేసి తోమిన నవి పోవునా?"

అమ్మా, తోమవలదు. చింతపండును, బూడిదను కారు దరిదాపులకు రానీయకుము. ఈ ప్రశ్న చూచి నవ్వువారుందురేమో కాని మాకు నవ్వు రాలేదు. 2023వ సంవత్సరమున మేము చేసిన పనియు నించుమించుగా నట్టిదే. ఆ సంగతి చెప్పిన గాని, ఈ మాసము మేము చెప్పబోవు చిన్న మెత్తల యుపయోగము మీకు బోధపడదు. కనుక ముందు దానినే చెప్పెదము.

మా తమ్ముని భార్య ఉద్యోగము చేయుచున్నది. అయిదేండ్లు తన జీతములో మిగుల్చుకొని, ఎవరిని కాసైన నడుగక, ఎఱ్ఱని కారొకటి కొనుక్కొన్నది. మేము అన్నవరములో సత్యనారాయణవ్రతము చేసికొనవలెనని సంకల్పించినప్పుడు, "మీ అత్తగారిని బస్సులలో త్రిప్పుట యెందుకు వదినగారూ, మా కారు తీసికొని పొండు" అని తానే తాళపుచెవు లిచ్చినది. నాలుగు దినములలో తిరిగి యిల్లు చేరితిమి. ఒప్పగించుటకు ముందు కారు కడుగుచుండగా వెనుకతలుపు పిడి గుంటలో గీతలు కనబడినవి. ప్రయాణమంతయు నా తలుపు తెఱచి మూసినది మేమే. మా రాళ్ళయుంగరమే యా పని చేసినదని చూచినంతనే తెలిసినది. (మగవారు ఈ గీతలను తాళపుచెవులపైకి నెట్టుదురు. నిజమునకు వానిలో నధికభాగము గోళ్ళవియు, ఉంగరములవియు, గాజులవియు.)

అప్పుడే పోయి ఉన్నమాట చెప్పవలసినది. మేము చెప్పలేదు. ఇంటిలో కారు మెఱుగుమందు కొంచెము కలదు. పాతపంచె ముక్కను వ్రేలికి చుట్టుకొని, ఇత్తడిచెంబువలె ఎంత తోమిన నంత మెఱయునని తలచి, గంటసేపు తోమితిమి. గుంటలోని గీతలు కొన్ని పోయినమాట నిజమే. కాని గుంట యంచున నొకచోట మెఱుపు చచ్చి వెలవెలబోయినది. చేతిలోని గుడ్డ చూచుకొంటిమి. దానిపై కుంకుమ యద్దినట్లు ఎఱ్ఱగా నున్నది.

ఆ యెఱుపున కర్థమేమో మాకప్పుడు తెలియదు. ఇప్పటి కార్ల రేకుమీద మొదట తుప్పుపట్టకుండ నొక పూత, దానిపై ఆధారపు పూత, దానిపై రంగు, అన్నిటికి పైన రంగులేని నిర్మలమైన పూత యొకటి యుండును. ఇన్నియు గలిసి సాధారణముగా 100 మొదలు 150 మైక్రానులు మాత్రమే. వెయ్యి మైక్రానులైన గాని యొక మిల్లీమీటరు కాదు. పై పూత యొక్కటియే చూచిన 40, 50 మైక్రానులుండును; తలవెండ్రుక మందమైనను లేదు. మనము చేతితో తాకునది, గీతలు పడునది, ఆ పై పూతయే. మెఱుగుపెట్టుట యనగా గీతను పూడ్చుట కాదు. గీత చుట్టునున్న పూతను గీత యడుగు వఱకు అరగదీయుట. అందుచే మెఱుగుపెట్టిన ప్రతిసారియు పూత తఱుగును, అది మరల రాదు. ఇత్తడిచెంబు లోపలను ఇత్తడియే గనుక దానికీ చింత లేదు. అంచులయొద్దను, మడతలయొద్దను పూత మఱింత పలుచగా నుండును. తోముడు బలమంతయు నచ్చటనే పడును. గుడ్డకు కారు రంగు అంటినదనగా పై పూత దాటిపోయినదన్నమాట. పై పూత లేని పాతకార్లకు మాత్రము కొంచెము తోమినను రంగు అంటును.

మా అత్తగారు చూచి, "పిల్లలు గీచినారని చెప్పరాదా, పిల్లల నెవరేమందురు?" అనిరి. ఆమె మా మేలు కోరియే యట్లనిరి. ఆ మాటనే త్రిప్పి త్రిప్పి రాత్రియంతయు ఆలోచించితిమని చెప్పుటకు సిగ్గుగా నున్నది. ఆడపడుచై యుండి, వయస్సున పెద్దయై యుండి, మరదలి యెదుట తలవంచుట యెట్టిదో మీలో పలువురెఱుగుదురు. తెల్లవాఱిన పిమ్మట ఆ గుడ్డను చేతబట్టుకొనియే పోయి జరిగినది చెప్పితిమి. మరదలు తలుపు చూచి, వ్రేలితో ఆ చోటు తాకి, "ఉంగరపు గీతలే యైనచో నేను గమనించియైన నుండను వదినగారూ" అని మాత్రమని లోనికి పోయినది. తిట్టియున్న బాగుండెడిది. తలుపునకు మరల పూత వేయించుటకైన ఖర్చు మా చీటీ డబ్బులనుండి యిచ్చితిమి. ఆమె వలదనలేదు, మేమును వలదనునేమో యని చూడలేదు.

మావారియొద్ద చదువుకొన్న పిల్లవాడొకడు కార్లకు మెఱుగుపెట్టు కొట్టులో పనిచేయుచున్నాడు. మా తప్పెచ్చటనో తరువాత నతడు విప్పిచెప్పినాడు. గుడ్డ చుట్టిన వ్రేలితో తోమిన బలమంతయు వ్రేలికొననే నాటును. స్పాంజిమెత్త యైనచో అది సమముగా పఱచుకొనును. కాని కొట్టులో యంత్రమునకు తగిలించు మెత్తలు ఆరంగుళములవి. అవి పిడి గుంటలోనికి పోవు. చిన్నవి బజారున దొరకును గాని, మా యూరిలో వాని వెల పెద్దవాని వెలకు మిగుల తక్కువేమియు గాదు. అందుచే నతడు పాతబడిన పెద్దమెత్తలనుండియే చిన్నవి కోసికొనును. మాకును రెండు పాతమెత్త లిచ్చినాడు.

పెద్దమెత్త సాధారణముగా నడుమ చెడును. తిరుగునప్పుడు వేడిమి నడుమ చేరి, జిగురు సడలి, వీపుబట్ట స్పాంజినుండి యూడివచ్చును. చుట్టునున్న భాగము గట్టిగనే యుండును. ఆరంగుళముల వృత్తములో రెండంగుళముల వృత్తములు సరిగా ఏడు పట్టును: నడుమ నొకటి, చుట్టు నాఱు. మావారు గణితోపాధ్యాయులు గనుక కాగితముపై గీచి నిరూపించిరి. పెద్ద చపాతీ వత్తి మూతతో పూరీలు కోయు మాకు నిరూపణముతో పనిలేకపోయినది. నడిమిది పాడైనను ఆఱు మిగులును. అదే మూడంగుళములవి కోసిన రెండే వచ్చి తక్కినదంతయు వ్యర్థమగును.

కత్తెరతో కోయబోకుడు. స్పాంజి నొక్కుకొనిపోయి, అంచు వంకరయై, ఒకప్రక్క సన్నముగను ఒకప్రక్క లావుగను వచ్చును. మేము చేయు పద్ధతి యిది. పాతమెత్తను గోరువెచ్చని సబ్బునీటిలో పలుమాఱులు పిసికి, ఎండిన మందంతయు పోవువఱకు కడుగవలెను. మందు గట్టిపడి ఱాయియైన మెత్త, ఎంత కడిగినను మెత్తబడనిది, పాఱవేయదగినదే. పిమ్మట తడి కొంచెము మిగులునట్లు పిండి, ప్లాస్టిక్కు సంచిలో మూసి, తినుపదార్థములకు తగులకుండ ఫ్రిజ్జులో మంచుకట్టు అరయందు చదునుగా ఒక రాత్రి యుంచవలెను. తెల్లవాఱుసరికి అది కొయ్యబిళ్ళవలె బిగిసియుండును. వీపుబట్ట పైకుండునట్లు పీటపై పెట్టి, తగిన మూత నానించి గీత గీచి, మొదట క్రొత్తబ్లేడుతో బట్టను మాత్రము తెంపి, తరువాత పలుచని వాడికత్తిని నిలువుగా పట్టి క్రిందికంట దించవలెను. ఆలసింపరాదు, కరిగిన మరల మొదటికి వచ్చును. కోసిన బిళ్ళల పై యంచును కత్తెరతో కొంచెము వాలుగా చెక్కి, పొట్టు పోవునట్లు మరల కడిగి, నీడను ఆరవేయవలెను. స్పాంజి మిక్కిలి మందమైనచో పిడి వెనుకకు దూరదు. మంచుగట్టి యున్నప్పుడే అడ్డముగా కోసి పలుచన చేసికొనవలెను.

ఇక పట్టుకొనుట యెట్లు? మెత్త వీపున నుండునది, మన సంచులకును పిల్లల బూట్లకును వచ్చు వెల్క్రో బట్టయే. చేలగట్లపై నడచునప్పుడు చీర యంచులకు గింజలంటుకొనును గదా. అట్టివే తన కుక్క బొచ్చున కంటుకొనగా 1941లో చూచి, స్విట్జర్లాండు దేశీయుడైన జార్జి డి మెస్ట్రల్ దీనిని కల్పించి, 1955లో పేటెంటు పొందెను. దర్జీసామానులమ్ము నంగడిలో గరుకుపట్టీ కొంచెము కొని, గరుకు వెలుపలికుండునట్లు రెండు వ్రేళ్ళు పట్టు వలయముగా కుట్టుకొనుడు. దానిని వ్రేళ్ళకు తొడిగి మెత్తను అంటించిన జాఱదు. అద్దపుకాడ మొదలైన బయలుచోట్లకు, అడుగు అరిగి చదునైన పాత పప్పుగుత్తికి గరుకుపట్టీ జిగురుతో నంటించి వాడుచున్నాము. పప్పుగుత్తి యడుగు మెత్తకన్న కొంచెము చిన్నదిగా నుండవలెను. కఱ్ఱ రంగునకు తగిలిన మరల గీతయే.

ప్రశ్న పంపిన సోదరి ముందుగా తన గోరు గీతకడ్డముగా నొకసారి నడిపి చూచుకొనవలెను. గోరు తట్టుకొన్నచో గీత లోతైనది. అది మెత్తతో పోవునది గాదు; విడిచిపెట్టుట మంచిది. తట్టుకొననిచో ఉంగరములు, గాజులు తీసివైచి, ఆ చోటు కడిగి తుడిచి, నీడలో రేకు చల్లబడిన పిదప, రంగులువేయువారు వాడు కాగితపు టేపును గుంట యంచులకు అంటింపుడు. మెత్తపై సన్నరకపు మందు పెసరగింజంత మూడుచోట్ల పెట్టి, మెల్లగా పది పండ్రెండు మాఱులు రుద్ది, మైక్రోఫైబరు గుడ్డతో తుడిచి, టార్చిదీపము వైచి చూడుడు. చాలకున్న నింకొకసారి, అంతే. సగము గీతలు పోయి సగము మసకబడిన నచ్చటనే యాపుడు. మెత్త చేజాఱి నేలబడిన కడుగక వాడరాదు, ఇసుకరేణు వొక్కటి చాలును. ముతకమందునకు వాడిన మెత్తను సన్నమందునకు వాడకుడు. స్పాంజి రంగును జూచి రకము తెలియుననుకొందురు గాని, ఒక్కొక్క తయారీదారు ఒక్కొక్క రంగు వేయును. వీపుపై గుర్తు వ్రాసికొనుటయే మేలు.

2025 సంక్రాంతికి మా తమ్ముడును, మరదలును వచ్చిరి. కారును వేపచెట్టు నీడన నిలిపి, మరదలు తన గాజులు తీసి అరుగుపై పెట్టి, "ఆ చిన్న మెత్తలేవో యిటు తెండు వదినగారూ. నా గాజులు తక్కిన మూడు తలుపులను గీచినవి. టేపు మీరు వేయుడు, నేనే రుద్దెదను" అన్నది. ఆమె రుద్దినది, మేము దీపము పట్టితిమి. మూడు తలుపులకును రెండు మెత్తలు సరిపోయినవి. నాలుగు మిగిలియున్నవి.