చివరి పేజీని తీసేయవద్దు



మన పత్రిక చివరి పేజీలో వచ్చే 'సిబ్బంది వార్తలు' అనవసరమనీ, ఆ చోట షుగరు గురించో వడదెబ్బ గురించో ఇంకొక వ్యాసం వేసుకుంటే మేలనీ కొందరు పెద్దలు ఈమధ్య అభిప్రాయపడ్డారు. ఎవరు రిటైరయ్యారు, ఎవరికి పెండ్లయింది, ఏ సిస్టరు ఏ వార్డుకు మారింది, ఇవన్నీ రోగులకెందుకని వారి ప్రశ్న. మంచి మనసుతో అడిగిన మాటే. కాని నేను ఒప్పుకోలేను. ఈ పత్రికలో రోగికి అన్నింటికంటే అక్కరకొచ్చే పేజీ అదే. నన్నడిగితే ఇప్పుడు వేస్తున్నది కూడా చాలదు.

వడదెబ్బ జాగ్రత్తలు రామగుండంలో పుట్టిన పిల్లలకు కూడా తెలుసు. తెలియనివారికి టీవీలు, సెల్‌ఫోన్లు చెబుతూనే ఉన్నాయి. ఎక్కడా దొరకని వార్త ఒక్కటే: రేపు పొద్దున ఓపీకి వెళ్తే బల్ల దగ్గర ఎవరు ఉంటారు? ఆ మనిషికి నా సంగతి తెలుసా, లేక మళ్లీ మొదటినుంచి చెప్పుకోవాలా?

మన ప్రాంతంలో ఈ ప్రశ్నకు ఇంకొంచెం బరువు ఉంది. బాయి పని షిఫ్టుల మీద నడుస్తుంది. బీపీ మాత్ర చీటీ మీద 'ఉదయం టిఫిన్ తర్వాత' అని రాసి ఉంటుంది. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి పొద్దున స్నానం చేసి, ఇంత తిని పడుకుంటాడు. ఆయనకు ఉదయం ఏది, రాత్రి ఏది? షిఫ్టు మారినప్పుడల్లా మాత్ర వేళ మారుతుంది, లేదా మాత్రే మానేస్తాడు. మళ్లీ వచ్చినప్పుడు బీపీ ఎక్కువగా ఉంటుంది, డోసు పెరుగుతుంది. నిజానికి పెరగవలసింది డోసు కాదు. 'అన్నా, ఈ వారం ఏ షిఫ్టు?' అని అడిగే మనిషి ఓపీలో ఉంటే సగం పని అయిపోయినట్లే. కొత్తగా వచ్చిన సిస్టరుకు అది అడగాలని తోచదు. ఆమె తప్పేమీ లేదు, పుస్తకంలో అది ఉండదు.

ఊపిరితిత్తుల సంగతి మరీ ముఖ్యం. గనుల చట్టం 1952లో వచ్చింది. దాని కింద వచ్చిన నియమాలు గని కార్మికునికి కనీసం ఐదేండ్లకోసారి వైద్య పరీక్ష జరగాలని, ఛాతీ ఎక్స్‌రే తీయాలని పెట్టాయి. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆ పద్ధతి ఉంది. కాని బొగ్గుదుమ్ము వల్ల వచ్చే న్యుమోకోనియోసిస్ ఏండ్ల తరబడి మెల్లగా పెరిగే జబ్బు. కొందరిలో పని మానేసిన తర్వాత కూడా ముదురుతుంది. రిటైరయిన మనిషి 'వయసు మీద పడ్డది, దమ్ము రాదా' అనుకుని ఊరుకుంటాడు. దగ్గు ఉంటే టీబీ అని ఒకరంటారు, బీడీల దగ్గు అని ఇంకొకరంటారు. ఇలాంటివారిని పట్టుకునేది ఎక్కువసార్లు మిషను కాదు, కన్ను. పోయినేడు గేటు నుంచి ఓపీ బల్ల దాకా మాట్లాడుకుంటూ వచ్చిన మనిషి ఈయేడు మధ్యలో వేపచెట్టు కింద కూర్చుని, ఆ తర్వాత వచ్చాడంటే, అది గమనించడానికి పోయినేడు చూసినవారు ఉండాలి కదా. మన ఆయమ్మలు నాతో చెప్పి నేను డాక్టరుగారికి చెప్పిన కేసులు ఒకటి రెండు కావు.

ఇది నర్సమ్మల సొంత గొప్ప అనుకోకండి. 2018లో ఇంగ్లండు వైద్యులు కొందరు ఈ విషయం మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలు కూర్చి చూశారు. తొమ్మిది దేశాల నుంచి వచ్చిన 22 అధ్యయనాలు. వాటిలో 18 ఒకే మాట చెప్పాయి: ఒకే డాక్టరును పదేపదే చూసేవారిలో మరణాలు తక్కువ. 2021లో నార్వే నుంచి వచ్చిన లెక్క ఇంకా పెద్దది, దాదాపు 45 లక్షల మందిది. ఒకే కుటుంబ వైద్యుని దగ్గర పదిహేనేండ్లకు పైగా ఉన్నవారిని, ఏడాది లోపే ఉన్నవారితో పోల్చారు. మొదటివారిలో మరణాలు నాలుగోవంతు తక్కువ. ఆసుపత్రిలో చేరవలసి రావడం కూడా అంతకు తగ్గకుండా తగ్గింది. కేవలం పాత పరిచయం వల్లనే ఇలా జరిగిందని ఇలాంటి లెక్కలు పూర్తిగా రుజువు చేయలేవు. పైగా అవి డాక్టర్ల మీద చేసినవి. నర్సులకూ కాంపౌండర్లకూ అది వర్తిస్తుందనేది నా అనుభవం మీద నేను చెప్పే మాట. మన దేశంలో 2017లో ఐదు రాష్ట్రాల్లో బీపీ అదుపు కార్యక్రమం మొదలైనప్పుడు వాటిలో తెలంగాణ ఒకటి. అందులోనూ రోగికి కార్డు ఇచ్చి, రానివారిని వెతికి పిలిచే పని సిబ్బంది మీదనే నడిచింది.

వెనకట ఈ పరిచయం కోసం పత్రికలు అవసరం లేదు. గోదావరిఖని పుట్టిందే బాయిల చుట్టు. ప్రతి కాలనీకి దగ్గర్లో సింగరేణి డిస్పెన్సరీ, ఊరికి ఏరియా ఆసుపత్రి. అందులో పనిచేసే సిస్టరు కూడా అదే వరుస క్వార్టర్లలో ఉండేది. నల్లా దగ్గర బిందె పెట్టుకుని నిలబడ్డప్పుడే సగం ఓపీ జరిగిపోయేది. మనలాంటి చిన్న ఆసుపత్రుల్లోనూ అంతే. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు, ఇప్పుడు నలభై వేల చుట్టుపక్కల ఉన్నారు. భూగర్భ గనులు తగ్గాయి, ఓపెన్‌కాస్టులు పెరిగాయి. రిటైరైన కుటుంబాలు క్వార్టరు ఖాళీ చేసి కరీంనగరుకో, హైదరాబాదుకో, సొంత ఊరికో పోయాయి. వారి చోట కాంట్రాక్టు పనులకు వచ్చినవారు, వేరే రాష్ట్రాలవారు కిరాయికి ఉంటున్నారు. పక్కింటివారి పేరు తెలియని వాడలో ఆసుపత్రి సిస్టరు పేరు ఎలా తెలుస్తుంది? మనం చెబితేనే తెలుస్తుంది.

ఇటు సిబ్బంది కూడా నిలవడం లేదు. ఇందులో ఎవరినీ నిందించను. మూడేండ్లు చదివి జీఎన్‌ఎం పాసైన పిల్లకు మేమిచ్చే జీతం ఎంతో నాకు తెలుసు, చెప్పుకోవడానికి సిగ్గే. 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఒకేసారి దాదాపు ఏడు వేల మంది స్టాఫ్‌నర్సులకు నియామక పత్రాలిచ్చింది. ఎంతో సంతోషం. ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మన్, జపాన్ భాషలు నేర్పి నర్సులను ఆ దేశాలకు పంపుతున్నది. రామగుండంలో 2022లో వైద్య కళాశాల మొదలయ్యాక ఇక్కడే పెద్ద ఆసుపత్రి పని కూడా దగ్గరికొచ్చింది. మన పిల్లలు పోవాలి, ఎదగాలి. కాని పోయేముందు ఒక్క మాట చెప్పి పోవాలి. రోగికి తెలియకుండా సిస్టరు మాయమయితే, 'ఆమె లేదట' అని తిరిగిపోయి మూడు నెలలు మందులు మానేసినవారు ఉన్నారు. ఫలానా సిస్టరు వెళ్తున్నది, ఆమె చోట ఫలానా అమ్మాయి వస్తున్నది, మీ కార్డులన్నీ ఆమెకు అప్పగించారు అని రెండు వరుసలు వేస్తే ఆ మూడు నెలలు మిగులుతాయి.

అలాగే ఓపీ సిస్టర్లను మూడు నెలలకోసారి మార్చే పద్ధతి కొన్ని ఆసుపత్రుల్లో ఉంది. అందరికీ అన్ని పనులు రావాలని దాని ఉద్దేశం. వార్డులకు అది సరే. షుగరు, బీపీ, ఆయాసం రోగులు వచ్చే ఓపీలో మాత్రం కనీసం ఒకరు ఏండ్లకేండ్లు కదలకుండా ఉండాలని నా వాదన. పరిపాలన కమిటీ ముందు కూడా ఇదే చెప్పాను, ఇంకా చెబుతాను.

ఇంకో మాట. సిబ్బంది వార్తలంటే డాక్టర్ల వార్తలు మాత్రమే కాదు. మన తెలుగు ప్రాంతాల మిషను ఆసుపత్రుల చరిత్ర చదివితే దొరసానుల పేర్లు దొరుకుతాయి. 1883లో గుంటూరు వచ్చిన డాక్టరు అన్నా కుగ్లర్, 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠు ఆసుపత్రి నెలకొల్పిన డాక్టరు ఇసబెల్ కెర్. వారి సేవ గొప్పది, సందేహం లేదు. ఆ గాయాలు రోజూ కడిగి కట్టు కట్టిన మనుషుల పేర్లు మాత్రం మనలో ఎంతమందికి తెలుసు? మన పత్రికలో కూడా డాక్టరుగారి వీడ్కోలుకు ఫొటోతో సగం పేజీ, ముప్పై ఏండ్లు పనిచేసిన ఆయమ్మకు ఒక్క వరుస. ఇది మారాలి. రాత్రి పూట కాన్పుకు వచ్చిన తల్లి చేయి పట్టుకునేది ఎవరో తల్లులకు తెలుసు.

అయితే ఈ పరిచయానికి రెండో వైపు కూడా ఉంది, దాన్ని దాచడం మంచిది కాదు. అందరూ అందరికీ తెలిసిన చోట జబ్బు దాగదు. కౌంటరులో కూర్చున్న అబ్బాయి మన వాడవాడే అని తెలిసి, తెమడ పరీక్షకు మంచిర్యాల పోయే ఆడబిడ్డలు ఉన్నారు. గుడిసెలో ఉన్నా బంగళాలో ఉన్నా పెండ్లికాని పిల్లకు టీబీ అని తెలిస్తే సంబంధం తప్పిపోతుందని భయం. కాబట్టి సిబ్బంది పేర్లు ఎంత ధారాళంగా వేస్తామో, రోగుల పేర్ల విషయంలో అంత పిసినారితనం చూపాలి. 'స్వస్థత పొందినవారి మాటలు' అని మనం పేరు, ఊరు, ఫొటోతో వేస్తున్న శీర్షికను ఇలాగే కొనసాగించడం నాకు ఇష్టం లేదు. సంతోషంతో చెప్పినవారే, నిజమే. కాని ఆ సంతోషంలో సరేనన్న మాట రేపు బిడ్డ పెండ్లి వేళ ఏమవుతుందో వారు ఆలోచించి ఉండరు. హెచ్‌ఐవీ విషయంలోనైతే 2017 చట్టం ప్రకారం రోగి రాతపూర్వక సమ్మతి లేకుండా బయటపెట్టడం చట్టవిరుద్ధమే. మిగతా జబ్బులకు కూడా చట్టం దాకా ఎందుకు, మర్యాద చాలు.

సిబ్బందికీ మర్యాద ఉంది. పెండ్లి వార్త వేసేముందు ఆ పిల్లను అడగాలి. సొంత ఫోను నంబరు ఎవరిదీ వేయకూడదు, ఆసుపత్రి నంబరు ఉంది కదా. రాత్రి పదకొండుకు 'సిస్టరమ్మా, బాబుకు జ్వరం' అని ఫోను చేస్తే ఎత్తనివారు మనలో లేరు. ఎందుకు చేశారో అర్థంకాని ఫోన్లు కూడా వస్తాయి.

వచ్చే సంచికకు నేను పంపబోయేవి ఇవీ: ఆయాసం రోగులను చూసే సిస్టరు ఎవరు, ఏ రోజుల్లో ఉంటారు, రాత్రి షిఫ్టువారు మందుల కోసం ఏ వేళకు రావచ్చు, ఈ నెలాఖరున రిటైరవుతున్న మా ఆయమ్మ గురించి అర పేజీ, ఆమె ఒప్పుకుంటే ఫొటోతో. ఇంకా అడగలేదు, ఫొటో అంటే ఆమె చీర మార్చుకుని వస్తానంటుంది. షుగరు వ్యాసం కూడా పంపుతాను, చోటు మిగిలితే వేయండి.