ఫార్మింగ్టన్ తీర్పు: కోర్టు హద్దు చట్టం గీసిందే

మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక ఆఫీసు భవనం కేంద్రంగా ‘యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్’ నడిచింది. అధ్యాపకులు లేరు, తరగతులు లేవు. రహస్య దర్యాప్తులో భాగంగా దాన్ని నడిపింది అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ శాఖ ఏజెంట్లు. గుర్తింపు పొందిన విద్యాసంస్థల ప్రభుత్వ జాబితాలో దాని పేరు ఉండటంతో 600 మందికి పైగా విదేశీ విద్యార్థులు చేరారు. వారిలో భారతీయులే అత్యధికులు, తెలుగు పిల్లలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 2019 జనవరి చివర్లో అరెస్టులు మొదలయ్యాయి. విద్యార్థులను చేర్పించిన ఎనిమిది మందిపై డెట్రాయిట్ ఫెడరల్ కోర్టులో నేరాభియోగాలు నమోదయ్యాయి. భారత ప్రభుత్వం అధికారికంగా నిరసన తెలిపింది.

మరి ప్రభుత్వం వసూలు చేసిన ఫీజు సంగతేమిటి? చదువు చెప్పనందుకు ఒప్పందం ఉల్లంఘించినట్టేనంటూ ఒక విద్యార్థి తన తరఫునా, తనలాంటి వారి తరఫునా దావా వేశాడు. న్యాయం ఎవరి పక్షాన ఉందో తేల్చేలోపే మరో ప్రశ్న అడ్డొచ్చింది: అసలు ఈ దావా వినే అధికారం కోర్టుకు ఉందా?

మన హైకోర్టులకు 226వ అధికరణం విస్తృతమైన రిట్ అధికారం ఇచ్చింది. అమెరికా ఫెడరల్ కోర్టుల పరిస్థితి వేరు. రాజ్యాంగం మూడో అధికరణం వాటిని నిర్దిష్ట వివాదాలకే పరిమితం చేసింది. దిగువ కోర్టులకు అక్కడి చట్టసభ కాంగ్రెస్ చేసిన చట్టం ఇచ్చినంత అధికారమే ఉంటుంది. సుప్రీంకోర్టు సైతం 1803లో మార్బరీ కేసులో, రాజ్యాంగం తనకివ్వని అధికారాన్ని చట్టం ఇచ్చినా స్వీకరించలేదు. దీనికి తోడు, ప్రభుత్వం ఒప్పుకుంటే తప్ప దానిపై దావా చెల్లదు. ఒప్పందాల విషయంలో ఆ సమ్మతిని 1887 నాటి టక్కర్ చట్టం ఇచ్చింది. అలాంటి దావాలు వినేది వాషింగ్టన్‌లోని ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టు.

ఆ కోర్టు 2022లో దావాను కొట్టేసింది. రహస్య దర్యాప్తు సార్వభౌమాధికార విధి కాబట్టి, అందులో భాగంగా కుదిరిన ఒప్పందం తన పరిధిలోకి రాదంది. 2024 జూన్‌లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ నిర్ణయాన్ని తిరగరాసింది. డబ్బు తీసుకుని చదువు చెబుతామన్నది మామూలు ఒప్పందమేననీ, దాని వెనక దర్యాప్తు ఉద్దేశం ఉన్నంత మాత్రాన చట్టం వర్తించకుండా పోదనీ తేల్చింది. న్యూజెర్సీలో ఇలాగే ప్రభుత్వం నడిపిన మరో బూటకపు విశ్వవిద్యాలయం కేసులోనూ కింది కోర్టు తలుపు మూసింది. 2019లో థర్డ్ సర్క్యూట్ అప్పీలు కోర్టు దాన్ని తెరిపించింది.

ఫెడరల్ సర్క్యూట్ తీర్పుతో ఫార్మింగ్టన్ విద్యార్థులు గెలిచినట్టు కాదు. అది బోగస్ సంస్థ అని, వీసా హోదా కోసమే చేరుతున్నామని వారికి తెలుసన్నది ప్రభుత్వ వాదన. నిజానిజాలు సాక్ష్యాలతో తేలాలి. తేలడానికి ముందు విచారణంటూ జరగాలి కదా!

ఎన్నికతో పనిలేని న్యాయమూర్తులు పాలన తమ చేతుల్లోకి తీసుకోకుండా ఆపేవి కోర్టుల అధికారానికి ఉన్న ఈ హద్దులే, కాబట్టి అవి ఉండాల్సిందే. కానీ హద్దు దాటడం ఎంత తప్పో, చట్టంలో లేని మినహాయింపు కల్పించుకుని హద్దును లోపలికి జరుపుకోవడమూ అంతే తప్పు. ప్రభుత్వంపై ఒప్పంద దావాలకు కాంగ్రెస్ అనుమతిచ్చింది. రహస్య దర్యాప్తుల పేరిట దాన్ని కుదించాలనుకుంటే సవరణ తేవాల్సింది కాంగ్రెసే. ఓటు హక్కు లేని విదేశీ విద్యార్థి గోడు చట్టసభ దాకా చేరదు. అతనికి మిగిలేది కోర్టు ఒక్కటే. చట్టం అప్పగించిన కేసును విని తీర్పు చెప్పడం ఆ కోర్టు దయ కాదు, బాధ్యత.