సిగ్గును అమ్ముకునే వైద్యం

మన కడప, కర్నూలు జిల్లాల్లో బస్టాండు గోడల మీద కొన్ని రాతలు కనిపిస్తుంటాయి. గుప్తరోగాలకు గ్యారంటీ వైద్యమట. ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో కలవాలట. కమలాపురం నుంచి వెళ్ళే కూలిమనిషి గానీ, కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన డ్రైవరు గానీ ఆ తలుపు తట్టాడంటే ముందుగా కొనేది గుట్టునే. రసీదు ఉండదు, మందు పేరు చెప్పరు, అడిగినంత ఇవ్వాలి. బేరమాడితే పక్కగదికి వినపడుతుందన్న భయం అతనిది. ఆ భయమే వాళ్ళ పెట్టుబడి.

ఇలాంటి ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది. 1959లో హమ్‌దర్ద్ దవాఖానా కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టంలోని కొన్ని భాగాలను కొట్టివేసిన మాట నిజమే. అయితే సుఖవ్యాధులు, లైంగిక శక్తి గురించిన ప్రకటనలపై నిషేధం అలాగే ఉంది. ఆ గోడలు పోలీసులకు కనబడవా అని మేము అడుగుతున్నాము. యునానీ వైద్యాన్ని తప్పు పట్టడం మా ఉద్దేశం కాదు. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ పేరిట యునానీ వైద్య కళాశాలే ఉంది. అలాంటి చోట ఏళ్ళ తరబడి చదివిన హకీముకూ, లాడ్జిలో ఒక పూట మకాం వేసేవాడికీ పోలికేమిటి?

ఈ గుట్టుకు అసలు మూల్యం చెల్లించేది ఇంట్లో ఉన్న ఇల్లాలు. భర్త తనకు మాత్రం మందు వాడుకుని ఊరుకుంటాడు, ఆమెకు చెప్పడు. గనేరియా వంటి జబ్బులు స్త్రీలలో చాలాసార్లు పైకి కనిపించవు. వైద్యం లేకుంటే గర్భనాళాలు మూసుకుపోవచ్చు. అప్పుడు అత్తగారింట్లో గొడ్రాలనే మాట పడేది ఆమే. మరో నికాహ్ చేద్దామనే మాటలూ మొదలవుతాయి. జబ్బు తెచ్చిందెవరు, శిక్ష ఎవరికి? భార్యాభర్తలిద్దరికీ ఒకేసారి వైద్యం జరగకపోతే జబ్బు ఒకరి నుంచి ఒకరికి మళ్ళీ అంటుకుంటుంది. భార్యకు చెప్పకపోవడాన్ని పరువు అనుకునేవారిది, మా దృష్టిలో, దగా.

గర్భిణికి సిఫిలిస్ ఉంటే బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు. రక్తపరీక్షలో సకాలంలో తెలిస్తే పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో తల్లీబిడ్డలిద్దరినీ కాపాడవచ్చు. తొలిదశలో అయితే ఒక్క ఇంజెక్షన్ చాలు. ఇది చాలా పాత మందు, చవకైన మందు. చవక కావడమే దానికి చేటయింది. లాభం తక్కువని తయారుచేసే కంపెనీలు తగ్గిపోయి, 2016 నాటికి అనేక దేశాల్లో దీనికి కొరత వచ్చింది. లాడ్జి పొడులకు మాత్రం ఏనాడూ కొరత రాలేదు!

పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో సుఖవ్యాధులకు ఉచితంగా చూసే క్లినిక్‌లు ఉన్నాయి. హెచ్.ఐ.వి. మందులు 2004 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. రోగి సమ్మతి లేకుండా హెచ్.ఐ.వి. పరీక్ష చేయరాదని, ఫలితాన్ని బయటపెట్టరాదని 2017లో చట్టం వచ్చింది, 2018 సెప్టెంబరు నుంచి అమలులో ఉంది. కమలాపురానికి కడప సుమారు 25 కిలోమీటర్లే. అయినా మనవాళ్ళు లాడ్జికే ఎందుకు పోతున్నారు? చీటీ రాసేచోట పదిమంది ముందు జబ్బేమిటని గట్టిగా అడిగితే బురఖా వేసుకున్న స్త్రీ ఏం చెప్పగలదు? ఉచిత వైద్యం ఉండి కూడా గుట్టు లేకపోతే, పేదవాడు గుట్టు అమ్మేవాడి దగ్గరికే పోతాడు.

హయా అడ్డం వస్తుందని కొందరు పెద్దలు అంటారు. మన పిల్లలు మదరసాలో గుసుల్, హైజ్ మసాయెల్ నేర్చుకోవడం లేదా? ధర్మం తెలుసుకోవడానికి సిగ్గుపడని అన్సారీ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నారని జుమా బయానుల్లో వింటూనే ఉన్నాము. ఆసుపత్రిలో తలుపు ఉన్న ఒక గది, వారానికి ఒక రోజయినా లేడీ డాక్టరు, చీటీ మీద జబ్బు పేరుకు బదులు నంబరు. ఈ మూడింటి కోసం మసీదు కమిటీలు సంతకాలు సేకరించి ఆసుపత్రి సూపరింటెండెంటుకు ఇవ్వవచ్చు. షాదీఖానాలకు, రోడ్లకు అర్జీలు పెట్టే మనం దీనికి ఇంతవరకూ ఒక్కటైనా పెట్టామా?