ఊపిరి ఆడేట్లు చేయడమూ వైద్యమే

"ఇంక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకువెళ్ళండి." ఊపిరితిత్తుల క్యాన్సరు ముదిరిన రోగి బంధువులతో వైద్యులు పలికే ఈ మాటను నేను ఖండిస్తున్నాను. ఒకప్పుడు నేనూ ఈ మాట అన్నవాడినే. కనుక ఈ నింద నాకూ చెందుతుంది.

ఉప్పునుంతల వంటి చోట ఈ మాట విన్న కుటుంబం ఏమి చేయగలదు? రోగిని దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, విసనకర్రతో విసురుతూ, అతడు గాలికోసం పెనుగులాడటం చూస్తూ ఉంటుంది. వ్యాధి నయం కాదన్నది నిజమే కావచ్చు. కాని నయం చేయలేకపోవడం వేరు, బాధ తగ్గించలేకపోవడం వేరు.

శ్వాసనాళంలో గడ్డ పెరిగి గాలికి అడ్డుపడినప్పుడు, దగ్గితే రక్తం పడుతున్నప్పుడు, లోపలినుండే రేడియేషను ఇచ్చే పద్ధతి ఒకటి ఉంది. దాని పేరు బ్రాకీథెరపీ. బ్రాంకోస్కోపు సాయంతో సన్నని గొట్టాన్ని గడ్డ ఉన్న చోటికి చేరుస్తారు. ఇరిడియం-192 అనే రేడియోధార్మిక పదార్థపు చిన్న గుళిక యంత్రంనుండి ఆ గొట్టంలోకి వెళ్ళి, కొద్ది నిమిషాలు నిలిచి, తిరిగి యంత్రంలోకి వచ్చేస్తుంది. సాధారణంగా ఒకటినుండి మూడుసార్లు చేస్తారు. హైదరాబాదుకు నూరు కిలోమీటర్లు దాటి ప్రయాణించవలసిన రోగికి ఇది చిన్న విషయం కాదు.

దీనికీ హద్దులున్నాయి. సాధారణంగా మొదట ఇవ్వవలసినది బయటినుండి ఇచ్చే రేడియేషను. మన జనం "కరెంటు పెట్టడం" అనేది దానినే. అది అయిపోయాక గడ్డ మళ్ళీ పెరిగినవారికి ఈ పద్ధతి ముఖ్యంగా ఉపకరిస్తుంది. ఊపిరి ఆగిపోయే అత్యవసర స్థితిలో స్టెంటు, లేజరు వంటివి ముందు కావాలి. కొందరిలో ప్రాణాంతకమైన రక్తస్రావం జరిగే ప్రమాదమూ ఉంది. ఇవన్నీ చెప్పి, నిర్ణయం రోగికి వదలాలి. అసలే చెప్పకుండా పంపివేసే హక్కు వైద్యునికి లేదు.

"యంత్రాలు ఎక్కడున్నాయి?" అంటారా? గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు బ్రాకీథెరపీ చేసే కేంద్రాలలో వాడేది సాధారణంగా ఇటువంటి యంత్రమే. కొరవడినది బ్రాంకోస్కోపీ చేసే వైద్యుడూ రేడియేషను వైద్యుడూ కలిసి పనిచేసే ఏర్పాటు. అంతకుముందు, నయం కాని రోగికోసం కూడా శ్రమపడాలన్న పట్టుదల.

పాఠకులారా, మీ ఇంటివారి విషయంలో ఆ మాట వినవలసి వస్తే వెంటనే లేచి రాకండి. "నయం కాదు సరే, ఊపిరి ఆడటానికి ఏమి చేస్తారు?" అని అడగండి. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రికి చీటీ రాయించుకోండి. ఏ చికిత్సకూ శరీరం తట్టుకోలేని స్థితిలో సైతం ఆయాసాన్ని తగ్గించే మార్ఫిన్ ఉంది. జవాబు వచ్చేవరకు అడుగుతూనే ఉండండి.