ముందు యుటిలిటీ గీయండి, హాలు తర్వాత

కొత్త ఇంటి ప్లానులో అన్ని గదులకీ ఓ గౌరవం ఉంటుందండీ. హాలు, మాస్టర్ బెడ్‌రూమ్, పిల్లల గది, పూజ గది, చుట్టాల గది. ఇవన్నీ సర్దేశాక వంటింటి వెనక మిగిలిపోయిన ముక్కకి ‘యుటిలిటీ’ అని రాసి చేతులు దులిపేసుకుంటారు. కడియంలో మేం కట్టబోయే ఇంటి ప్లానులో ఆ ముక్క నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల పొడవు. అంటే 20 చదరపు అడుగులు. వాషింగ్ మిషను, అంట్లు తోమే సింకు, బకెట్లు, చీపుళ్ళు, ఖాళీ గ్యాసు బండ, అన్నీ అందులోనే. వాటి మధ్య పనిచేసే మనిషికి మాత్రం చోటు లేదు.

హాలేమో 18 బై 14. అంటే 252 చదరపు అడుగులు. అంత దేనికండీ అంటే, “రేపు అమ్మాయి పెళ్ళిచూపులకి పదిమంది వస్తే ఎక్కడ కూర్చుంటారు?” అన్నారు మావారు. అమ్మాయి ఇప్పుడు ఏడో తరగతి. ఎప్పుడో వచ్చే పదిమందికి ఇవాళే చోటుంది. రేపు పొద్దున్నే అంట్లు తోమాల్సిన మనిషికి లేదు.

లెక్క చూడండి. మిషను వెడల్పూ లోతూ ఇంచుమించు రెండేసి అడుగులు. నాలుగడుగుల్లో రెండు పోతే మిగిలేది రెండు. ముందువైపు తలుపున్న మిషనైతే ఆ తలుపు తెరవడానికే అడుగుపైన కావాలి. ఇంక వంగి బట్టలు తీసేదెక్కడ? వంటింట్లో నిలబడి తియ్యాలి. డాబా మెట్లు వీధివైపు పెట్టారు కాబట్టి, నీళ్ళోడే బకెట్లు పొయ్యి పక్కనుంచి, ఆ గొప్ప హాల్లోంచి మోసుకెళ్ళి పైన ఆరేసుకోవాలి.

పాతకాలం ఇళ్ళే గొప్పవని నేననడం లేదు. వంటింటి వెనక పెరడు, నుయ్యి, చెప్టా, రోలు ఉండేవి. ఆ చెప్టా మీద గొంతుక్కూర్చుని అంట్లు తోమీ తోమీ మా అమ్మమ్మ మోకాళ్ళు అరిగిపోయాయి. ఆ రోజులు మళ్ళీ రమ్మని ఎవరడుగుతారు? కానీ అక్కడ పనికి చోటుండేది, ఎండ తగిలేది, తడి ఇంట్లోకి వచ్చేది కాదు. ఐదు సెంట్ల స్థలాల్లో కట్టుకునే ఇప్పటి ఇళ్ళలో పెరడు పోయింది. పెరటి పని పోయిందా? పోలేదు, వచ్చి ఆ 20 అడుగుల్లో పడింది.

ఈ పని ఎంతో ప్రభుత్వమే లెక్కగట్టింది. 2024లో జరిగిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానిమీద రోజుకి 289 నిమిషాలు గడుపుతున్నారు. చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. ఒకళ్ళు దాదాపు ఐదు గంటలు గడిపే చోటు కొలతలు, గంటన్నర గడిపేవాళ్ళు, అసలు గడపనివాళ్ళు కూర్చుని తేల్చేస్తే ఎలాగండీ?

మా కడియం, కడియపులంక వాళ్ళకి నేను ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. నర్సరీలో ఏ మొక్కకి ఎండ కావాలి, ఏది షేడ్‌నెట్ కింద ఉండాలి, ఏ కుండీలో నీళ్ళు నిలవకూడదు, అన్నీ చూసి మరీ పెడతాం. నర్సరీ పనికెళ్ళి వచ్చినవాళ్ళ బట్టలు మట్టితో బిరుసెక్కిపోయి ఉంటాయి. వాటిని తిన్నగా మిషన్లో పడేస్తే కుదరదు, ముందు కుళాయి కింద జాడించాలి. ఆ కుళాయీ, ఆ బండా ఏ ప్లానులోనూ కనపడవు. మొక్క అవసరం చూసినట్టు మనిషి అవసరం చూడరేం?

“చోటెక్కడిదమ్మా?” అంటారు మేస్త్రిగారు. చోటు కంటే ముందు కొలత కావాలి. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో కార్మికుల ఇళ్ళకోసం మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ అనే ఆవిడ వంటిల్లు గీసింది. సుమారు ఆరడుగుల వెడల్పు, పదకొండడుగుల పొడవు. చాలా చిన్నది. కానీ వంటచేసే మనిషి ఎన్ని అడుగులు వేస్తుంది, చెయ్యి ఎక్కడికి అందుతుంది అని లెక్కచూసి గీసింది. అలాంటివి సుమారు 10,000 కట్టారు.

“వాస్తు” అంటారు మావయ్యగారు. వంటిల్లు ఆగ్నేయంలో ఉండాలంటే నేను కాదన్నానా? ఏ మూల ఏది ఉండాలో వాస్తు చెబుతుంది. అక్కడ మనిషి తిరగడానికి చోటుండకూడదని ఎక్కడా చెప్పలేదు కదా.

ఇంకో మాట మా మరదలు అంది. “యుటిలిటీ పెద్దది చేస్తే, ఈ పని మనదేనని ఒప్పుకున్నట్టే కదా వదినా” అని. మంచి ప్రశ్నే. కానీ ఒక్క మనిషే ఇరుక్కుని నిలబడే చోటికి రెండో మనిషి సాయానికి ఎలా వస్తాడు? చోటు లేకపోవడం మగవాళ్ళకి మంచి సాకు. ఆ సాకు తీసేద్దామనే నా పోరు.

మనల్నీ ఒక మాట అనాలి. మాడ్యులర్ వంటింటికి లక్షలు పోస్తాం. పనమ్మాయి అంట్లు తోమే చోటు మాత్రం వెలుతురులేని తడి మూల. నడుం ఆవిడకీ ఉందండీ.

నేను అడిగినవి ఇవి. హాల్లోంచి రెండడుగులు తగ్గించి వెనక్కి ఇవ్వండి, యుటిలిటీ ఆరు బై ఎనిమిది అవుతుంది. నేల వంటింటికంటే రెండంగుళాలు కిందకి ఉండాలి. తూము వైపు పదడుగులకి అంగుళంన్నర వాలుండాలి. జారని టైల్సు వెయ్యాలి. అంట్లు నిలబడి తోముకునే ఎత్తులో సింకు, పక్కనే జాడించుకోడానికి కింద ఓ కుళాయి. మిషను ప్లగ్గు నీళ్ళు చిమ్మనంత ఎత్తులో ఉండాలి. వానాకాలం బట్టలారడానికి పైన రేకు, గాలాడే జాలీ గోడ. పెరటివైపు నుంచే డాబాకి మెట్లు.

సోఫా మార్చుకోవచ్చు, గోడల రంగు మార్చుకోవచ్చు. స్లాబు పడ్డాక తూము మార్చాలంటే ఇల్లు పగలగొట్టాలి. అందుకే శంకుస్థాపనకి ముందే ఈ గొడవ.

మీ ఇంట్లోనూ ప్లాను నడుస్తుంటే, ఖాళీ నేలమీద ఆ యుటిలిటీ కొలతలు ముగ్గుతో గీయండి. లోపల మిషనంత అట్టపెట్టె ఒకటి, రెండు బకెట్లు పెట్టండి. తర్వాత మీ ఇంటాయన్ని అందులో నిలబడి, వంగి బకెట్ ఎత్తమనండి. గీత తొక్కకుండా ఎత్తగలిగితే, ఆ ప్లానుకి ఒప్పుకోండి.