నెట్ బందైతే జవాబు ఎవలిది?

2025 ఆగస్టుల హైదరాబాద్ రామంతాపూర్‌ల రథానికి కరెంటు తగిలి ఐదుగురి పానాలు పోయినయి. ఆ తర్వాత కరెంటోళ్లు స్తంభాల మీది కేబుళ్లు ఏడికాడికి కోసిన్రు. మనిషి పానం కంటే తీగ ఎక్కువేం కాదు. గాని నెట్ బందైన దినాల పైసలు ఎవలు వాపస్ ఇయ్యాలె? స్తంభాల కిరాయి ఆపరేటర్‌కు, కరెంటు సంస్థకు నడుమ లెక్క. అండ్ల కస్టమర్‌కు ఏం సంబంధం?

దీనికి జవాబు కస్టమర్ ఒప్పందంల ఉండాలె. గల్లీ కనెక్షన్లకు ఆ కాయితమే కనవడదు. తీగ గుంజేది, పైసలు తీస్కునేది లోకల్ కేబుల్ ఆపరేటర్. లైసెన్స్ మాత్రం శాన చోట్ల ఇంకో కంపెనీది. షరతులు ఆ కంపెనీ వెబ్‌సైట్ల ఇంగ్లీషుల ఉంటయి. ధర ఎప్పుడన్న మారుస్తం, కట్టిన పైసలు వాపస్ లెవ్వు, అంతరాయానికి మా పూచీ లేదు అని రాసుకుంటరు. నెట్ పోతే ఆపరేటరేమో ‘మీదికెళ్లే వస్తలేదు’ అంటడు, కంపెనీయేమో ‘మీ ఆపరేటర్‌ను అడుగుండ్రి’ అంటది. ఆర్నెల్ల పైసలు ముందే కట్టినంక ఆపరేటర్ కంపెనీ మారిస్తే, మిగిలిన నెలలకు ఎవలూ ముందటికి రారు.

చట్టం లేక గిట్ల అయితలేదు. సర్వీసు లేని దినాలకు కిరాయి తగ్గియ్యాలని ట్రాయ్ 2006 రూల్స్‌లనే ఉండె: రిపేరు 3 పనిదినాలు దాటితే 7 రోజుల కిరాయి, 7 దాటితే 15 రోజులది, 15 దాటితే నెలది. 2019 వినియోగదారుల చట్టం ఒకదిక్కు ఒప్పందాలను ‘అన్యాయపు ఒప్పందం’ అన్నది. గాని ఆ పేరు మీద కేసు ఏసేది రాష్ట్ర కమిషన్‌లనో, జాతీయ కమిషన్‌లనో. నెలకు 500 కట్టే ఆదిలాబాద్ మనిషి దీనికోసం హైదరాబాద్ పోతడా? సేవల లోపం మీద అయితే జిల్లా కమిషన్‌కు పోవచ్చు. టెలికాం ఫిర్యాదులు అక్కడ నడుస్తయని 2022ల సుప్రీంకోర్టు తేల్చింది. గాని అక్కడ సుత రుజువు అడుగుతరు. కాయితం లేనోడు ఏం చూపెట్టాలె?

చిన్న ఆపరేటర్‌ను విలన్ చేసుడు కూడా సరికాదు. ఆయన మీద కంపెనీ షరతులున్నయి, స్తంభాల కిరాయి ఉన్నది, పెద్ద కంపెనీల ఆఫర్ల పోటీ ఉన్నది. ఇరవై పేజీల దస్తావేజు ఆయనతోని కాదు. తెలుగుల ఒక్క పేజీ చాలు: లైసెన్స్ ఎవలిది, ఎన్ని జీబీల తర్వాత స్పీడ్ తగ్గుతది, ఎన్ని దినాలు బందైతే ఎంత తగ్గిస్తరు, డబ్బా డిపాజిట్ ఎప్పుడు వాపస్, కంపెనీ మారితే ముందు కట్టిన పైసలు ఎవలి పూచీ.

ఆ పేజీ ఇస్తేనే కనెక్షన్ ఇయ్యాలని లైసెన్స్ ఉన్న కంపెనీకి ట్రాయ్ షరతు పెట్టాలె. అప్పటిదాంక పైసలు కట్టినప్పుడల్లా రసీదు అడుగుండ్రి, ఫిర్యాదు మెసేజ్ రూపంల పంపి దాసుకోండ్రి. జవాబు రాకుంటే 1915కు ఫోన్ కొట్టుండ్రి.