బాస్ గారి ప్రేమ కూడా ఒక మూఢనమ్మకమే

జాతకాల గురించి, బాణామతి గురించి, బాబాల గురించి మనం చాలానే రాసుకున్నాం. ఆఫీసుల్లో రోజూ కనపడే ఒక మూఢనమ్మకాన్ని మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. తన కింద పనిచేసే అమ్మాయి తనని ప్రేమిస్తోందని పై అధికారి గట్టిగా నమ్మడం. దీన్ని మూఢనమ్మకం అనడం అతి అని మీకనిపించవచ్చు. చదివాక చెప్పండి.

చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక ఆఫీసులో మా మేనేజరు గారికి ఈ నమ్మకం పట్టుకుంది. ఆయనకి నలభై దాటాయి, భార్యాపిల్లలున్నారు. మా సెక్షన్లో కొత్తగా చేరిన అమ్మాయి పుట్టిన తేదీని సర్వీసు రికార్డులోంచి తీసుకెళ్లి జ్యోతిష్కుడికిచ్చాడు. (సర్వీసు రికార్డులో పుట్టిన వేళ ఉండదు కదా! ఆ పెద్దమనిషి పేరులోని మొదటి అక్షరం పట్టుకుని నామనక్షత్రంతో లెక్క కట్టేశాడట. 36 గుణాల్లో 28 కలిశాయట.) ఈ సంగతి మేనేజరే మాలో ఒకరిద్దరికి గర్వంగా చెప్పుకున్నాడు.

అక్కణ్ణించి ఆయనకి కనపడిందల్లా రుజువే. ఆమె నవ్వితే ప్రేమ, నవ్వకపోతే సిగ్గు. రాత్రి పదకొండింటికి ఈయన ఫోన్ చేస్తే ఆమె ఎత్తలేదంటే పక్కన ఇంట్లోవాళ్లున్నారని అర్థం. బదిలీకి అర్జీ పెట్టుకుంటే తనని పరీక్షిస్తోందని అర్థం. ఆ అర్జీ మీద సంతకం పెట్టాల్సింది ఆయనే, పెట్టలేదు. సంబంధం కుదిరిందని ఆమె స్వీట్లు పంచిన రోజున కూడా "బలవంతపు పెళ్లి" అన్నాడు. చివరికి ఆమె ఉద్యోగం మానేసింది. ఆయనకి ఆ తర్వాత ప్రమోషన్ వచ్చింది.

ఇప్పుడు చెప్పండి, ఆ జ్యోతిష్కుడికీ ఈయనకీ తేడా ఏమిటి? జోస్యం ఫలిస్తే గ్రహబలం, ఫలించకపోతే పూజలో లోపం. ఏ సాక్ష్యం వచ్చినా ఓడిపోని సిద్ధాంతం శాస్త్రం కాదని కార్ల్ పాపర్ చెప్పింది ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. "కాదు" అన్న మాటకి కూడా "అవును" అనే అర్థం తీసేవాడికి మీరు ఏ సాక్ష్యం చూపిస్తారు?

అసలు చిక్కు ఇంకొకటుంది. ఈ ప్రయోగంలో సాక్ష్యమే కలుషితం. సెలవు మంజూరు చేసేది, సీఆర్ రాసేది, జీతం పెంచమని సిఫార్సు చేసేది ఆయనే అయినప్పుడు ఆమె నవ్వుకి విలువేముంది? పొద్దున్నే "గుడ్ మార్నింగ్ సార్" అనడం ఉద్యోగంలో భాగం. తక్కెడ ఒక పక్కన తనే కాలు వేసి తొక్కిపట్టి, అది తనవైపే మొగ్గిందని మురిసిపోవడమిది.

పాపం, అదొక మానసిక జబ్బు అనేవాళ్లున్నారు. ఎదుటివాళ్లు తనని ప్రేమిస్తున్నారనే భ్రమ ఒక జబ్బుగా ఉన్నమాట నిజమే. ఫ్రెంచి మానసిక వైద్యుడు క్లెరాంబో 1921లోనే దాన్ని వివరించాడు. అయితే ఆయన వివరించిన రోగులు తమకంటే పై అంతస్తులో ఉన్నవాళ్లు తమని ప్రేమిస్తున్నారని భ్రమపడేవాళ్లు. మన బాసుల వ్యవహారం తిరగేసి ఉంటుంది. మా మేనేజరు గారితో ఎండీ గారి అమ్మాయి కూడా నవ్వుతూనే మాట్లాడేది. ఆమె నవ్వుని ఆయన ఏనాడూ అపార్థం చేసుకోలేదు! మనిషిని చూసి, హోదా చూసి మరీ వచ్చే పిచ్చిని నేను పిచ్చి అనలేను. వెంటపడగా వెంటపడగా హీరోయిన్ ఒప్పేసుకునే మన సినిమాలు కూడా దీనికి కొంత ఎరువు వేశాయి.

చట్టం ఈ విషయంలో మనకంటే ముందే ఆలోచించింది. 1992లో రాజస్థాన్‌లో బాల్యవివాహాలని అడ్డుకునే ఉద్యోగం చేస్తున్న భన్వరీ దేవి మీద సామూహిక అత్యాచారం జరిగింది. ఆ ఘటన తర్వాత మహిళా సంఘాలు వేసిన వ్యాజ్యంలోనే 1997లో సుప్రీంకోర్టు విశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. 2013లో పూర్తి చట్టం వచ్చింది. ఆ చట్టం ఆయన ప్రేమ నిజమా అబద్ధమా అని విచారించదు, అది ఆమెకి ఇష్టమా కాదా అని చూస్తుంది. ఎంత హాయైన ప్రశ్న! ఆఫీసు బయట కూడా వద్దని స్పష్టం చేశాక మళ్లీమళ్లీ వెంటపడటం 2013 నుంచి నేరమే. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్‌లో ఉంది.

అమలు మాట వేరే. కమిటీలు సరిగా లేవని 2023లో సుప్రీంకోర్టే మందలించింది. ఫిర్యాదుకి చివరి సంఘటన నుంచి 3 నెలలు, కారణం చూపిస్తే మరో 3 నెలలు గడువు. జీతం మీద ఇల్లు నడిచే అమ్మాయికి ధైర్యం కూడదీసుకోవడానికి ఇది చాలదని నా అభిప్రాయం. రుజువు కానంత మాత్రాన అది తప్పుడు ఫిర్యాదు కాదని కూడా ఆ చట్టంలోనే ఉంది, "అబద్ధపు కేసులు" అని అరిచేవాళ్లు ఆ వాక్యం దాకా చదవరు.

పదిమంది కంటే తక్కువ ఉన్న ఆఫీసైనా, ఫిర్యాదు సాక్షాత్తూ యజమాని మీదే అయినా జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉండాలి, అక్కడ ఇవ్వవచ్చు. ఈ సంగతి చాలామందికి తెలీదు. మీ ఆఫీసు నోటీసు బోర్డు మీద కమిటీ సభ్యుల పేర్లు ఉన్నాయో లేదో రేపు ఒకసారి చూడండి. లేకపోతే ఎందుకు లేవని రాతపూర్వకంగా అడగండి. మగవాళ్లు కూడా అడగవచ్చు.